ఘాట్‌లో రెండుసార్లు పట్టేసిన వెస్పా: బోరు కంటే ముందు గాలి సంగతి చూడండి

ప్రశ్న: మాది కడప. మా నాయన 1986లో కొన్న ఎల్‌ఎంఎల్ వెస్పా ఇంకా మా ఇంట్లోనే ఉంది. నాయన పోయి మూడేళ్లయింది. అప్పట్నుంచి బండి నేనే నడుపుతున్నాను. ఊళ్లో ఎంత తిరిగినా ఇబ్బంది లేదు. నెలకోసారి మా ఆవిడను ఎక్కించుకుని రాయచోటికి పోతే మాత్రం గువ్వలచెరువు ఘాట్‌లో పిస్టన్ పట్టేస్తోంది. మొదటిసారి మెకానిక్ బోరు చేయించి కొత్త పిస్టన్ వేశాడు. నాలుగు వందల కిలోమీటర్లు తిరగకముందే అదే ఘాట్‌లో మళ్లీ పట్టేసింది. చల్లారాక కిక్ కొడితే స్టార్ట్ అయింది, ఇప్పుడు ఊళ్లో నడుస్తోంది. లీటరుకు 40 మి.లీ. ఆయిలు పొయ్యమంటే పోస్తున్నాను, పొగ ఎక్కువైంది గానీ వేరే మార్పు లేదు. ఇంకో సంగతి, ఎక్స్‌లేటర్ పూర్తిగా వదిలేసినా ఒక్కోసారి ఇంజన్ అరుస్తూనే ఉంటుంది, చాలాసేపటికి గానీ దిగదు. మళ్లీ బోరు చేయించాలా, బండి అమ్మేయాలా? ఆర్‌సీ ఇంకా నాయన పేరు మీదే ఉంది, గడువు కూడా దాటింది.

సమాధానం: మళ్లీ బోరు (సిలిండర్ లోపలిని కోసి పెద్దది చేసే పని) చేయించకండి, కనీసం ఇప్పుడే చేయించకండి. ఊళ్లో నడుస్తోంది కదా అని తిప్పడం కూడా ఆపి, బండిని పక్కన పెట్టండి. ‘ఇంకో సంగతి’ అంటూ మీరు చివర్లో రాసిన మాటే అసలు సంగతి. ఎక్స్‌లేటర్ కేబులు ఎక్కడా బిగుసుకోకుండా, హ్యాండిల్ దగ్గర ఒక మిల్లీమీటరు వదులు ఉండి, కార్బొరేటర్ స్లైడు (గాలి దారి తెరిచి మూసే పలక) ‘టక్’మని కిందికి పడుతున్నా ఇంజన్ పరుగు దిగడం లేదంటే, కార్బొరేటర్ దాటిన తర్వాత ఎక్కడో గాలి దొంగదారిలో లోపలికి పోతోందన్నమాట.

మీ ఇంజన్ టూ స్ట్రోక్. క్రాంకు బేరింగుకు, కనెక్టింగ్ రాడ్‌కు, పిస్టన్‌కు ఆయిలు అందేది పెట్రోలుతో కలిసే. వేరే దారి లేదు. దొంగదారిన వచ్చే గాలి వెంట పెట్రోలు ఉండదు, కాబట్టి ఆయిలూ ఉండదు. గాలి, పెట్రోలు మిశ్రమంలో పెట్రోలు తగ్గి, అంటే మిశ్రమం పలచబడి, వేడి పెరుగుతుంది, అదే సమయానికి ఆయిలు తగ్గుతుంది. పిస్టన్ అల్యూమినియం, అది కదిలే బోరు (సిలిండర్) పోత ఇనుము. ఒకే వేడికి అల్యూమినియం ఇనుముకు దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది. ఊళ్లో ఏడు రోడ్ల దగ్గర్నుంచి కోటిరెడ్డి సర్కిల్ దాకా పోయేలోపు ఎక్స్‌లేటర్ తిప్పడం, వదలడం పదిసార్లు జరుగుతుంది, ఇంజన్‌కు ఊపిరి తీసుకునే తీరిక దొరుకుతుంది. ఘాట్‌లో ఇద్దరి బరువుతో, ఎక్స్‌లేటర్ నిండా తిప్పి, ఆపకుండా ఎక్కేటప్పుడు ఆ తీరిక ఉండదు. పిస్టన్ ఉబ్బి బోరును పట్టుకుంటుంది. గాలి దారి మూయకుండా బోరు చేయించడం, కారే కప్పును వదిలేసి గోడకు సున్నం కొట్టించినట్టే.

ఆయిలు రెట్టింపు చేయమన్న సలహా మీ మంచి కోరి ఇచ్చిందే అయినా, దానివల్ల మేలు కన్నా కీడే ఎక్కువ. కార్బొరేటర్‌లో పెట్రోలు దిగే సన్నని రంధ్రాన్నే జెట్ అంటారు, దాని గుండా పోయే ద్రవం ఎంతో అంతే. అందులో ఆయిలు పెరిగితే పెట్రోలు ఆ మేరకు తగ్గుతుంది, పైగా చిక్కటి ద్రవం జెట్‌లోంచి నెమ్మదిగా దిగుతుంది. అంటే మిశ్రమం ఇంకాస్త పలచబడుతుంది. మిగిలిన ఆయిలు మసిగా మారి సైలెన్సర్‌లోనూ, బోరులో ఎగ్జాస్టు రంధ్రం అంచుల్లోనూ గట్టిపడుతుంది. పొగ బయటికి పోయే దారి ఇరుకైతే వేడి లోపలే నిలుస్తుంది. ఈ ఇంజన్‌కు లీటరుకు 20 మి.లీ. చాలు. 8 లీటర్ల ట్యాంకుకు 160 మి.లీ. డబ్బా మీద జేఏఎస్‌ఓ (జపాన్ ఆయిలు ప్రమాణం) ఎఫ్‌సీ లేదా ఎఫ్‌డీ అని ఉన్న టూటీ (టూ స్ట్రోక్) ఆయిలు తీసుకోండి. బంకులో కలిపిచ్చే రోజులు పోయాయి కాబట్టి, కొలత గీతలున్న చిన్న సీసా డిక్కీలో పెట్టుకోండి. మందుల షాపులో దొరికే 50 మి.లీ. సిరంజి ఇంకా నికరం. ముందు ఆయిలు పోసి తర్వాత పెట్రోలు కొట్టించుకుంటే కలయిక బాగుంటుంది.

ఇక వెతుకులాట. ఇంజన్ విప్పకముందే చూడాల్సినవి నాలుగు ఉన్నాయి. పెద్ద ఖర్చు లేనివి.

మొదటిది ట్యాంకు మూత. మూతకు గాలి పీల్చుకునే సన్నని రంధ్రం ఉంటుంది. దుమ్ముతోనో తుప్పుతోనో అది పూడితే, పెట్రోలు దిగేకొద్దీ ట్యాంకులో శూన్యం ఏర్పడి ధార సన్నబడుతుంది. ఊళ్లో చిన్న చిన్న ప్రయాణాల్లో బయటపడదు, అరగంట ఆపకుండా నడిపితే బయటపడుతుంది. మీ లక్షణానికి ఇదీ సరిపోతుంది. కార్బొరేటర్ దగ్గర పెట్రోలు పైపు ఊడదీసి సీసాలో పెట్టండి, మూత బిగించే ఉంచి కాక్ తెరవండి. ధార ఏకధారగా పడాలి, అయిదు నిమిషాలైనా అలాగే పడాలి. మొదట బాగా వచ్చి తర్వాత చుక్కలుగా మారితే, మూత తెరిచి చూడండి. వెంటనే ధార పెరిగితే దోషం మూతదే. మూత తెరిచినా పెరగకపోతే కాక్ మీది జాలిలో తుప్పు ఇరుక్కుంది, ట్యాంకు దించి కడగాల్సిందే. ట్యాంకు దించినప్పుడు కొత్త పైపు వేయించండి గానీ, దాన్ని పొడుగ్గా వదలకండి. మధ్యలో ఉయ్యాలలా వేలాడే పైపులో గాలి బుడగ చిక్కుకుంటుంది. కాక్ నుంచి కార్బొరేటర్ దాకా పైపు కిందికే వాలుగా ఉండాలి.

రెండోది సిలిండర్ మీది డొప్ప. వెస్పా ఇంజన్ పక్క ప్యానెల్ లోపల ఉంటుంది కాబట్టి ఎదురుగాలి దానికి తగలదు. మాగ్నెట్ (క్రాంకు చివర తిరిగే చక్రం) మీదున్న రెక్కలే ఫ్యాను. ఆ గాలిని సిలిండర్ చుట్టూ తిప్పేది ఆ డొప్ప. బోరు పని చేశాక చాలా చోట్ల ఒక స్క్రూ బిగించి రెండోది వదిలేస్తారు, పగిలిన డొప్పనే తిరిగి పెట్టేస్తారు. సందుల్లోంచి గాలి పక్కకు పోయి సిలిండర్ చల్లబడదు. అది తీసినప్పుడు సిలిండర్ రెక్కల మధ్య చూడండి. ఎర్రగుంట్ల వైపు ఎక్కువ తిరిగిన బళ్లలో నాపరాళ్ల పొడి, సిమెంటు దుమ్ము ఆయిలు జిడ్డుతో కలిసి రొట్టెలా అంటుకుని ఉంటాయి. చెక్క పుల్లతో గీకి, కిరసనాయిలుతో కడిగి, ఆరనివ్వండి. మాగ్నెట్ రెక్కల్లో రెండు మూడు విరిగి ఉంటే దాన్నీ మార్చాలి. గాలి తగ్గడమే కాదు, బరువు సమతూకం తప్పి క్రాంకు బేరింగును తింటుంది.

మూడోది ప్లగ్గు. ఈ హెడ్డుకు పొట్టి మరల ప్లగ్గే పట్టాలి, మర పొడవు 12.7 మి.మీ. పొడుగు మర ప్లగ్గు వేస్తే పిస్టన్‌కు తగులుతుంది. మన ఎండలకు, ఘాట్‌కు ఎన్‌జీకే బి7హెచ్‌ఎస్ సరైనది. దానికన్నా వేడి రకం బి6 వేయకండి. గ్యాపు 0.6 మి.మీ. ఇప్పుడున్న ప్లగ్గు తీసి చూస్తే కొన తెల్లగా సున్నం పూసినట్టు ఉందేమో గమనించండి. పాల టీ రంగు ఉంటే ఆరోగ్యం, తెలుపు ఉంటే మిశ్రమం పలచన. మీరు ఆయిలు రెట్టింపు పోస్తున్నారు కాబట్టి పైన మసి ఉండి రంగు మోసం చేయవచ్చు. పింగాణీ మొదట్లో, లోతుగా చూడండి.

నాలుగోది కార్బొరేటర్. ఇటలీ డెల్లార్టో నమూనా మీద మన దేశంలో స్పాకో వాళ్లు చేసినదే ఎక్కువ బళ్లకు ఉంటుంది. ఇంజన్ మీదున్న ఒక పెట్టెలో రెండు పొడవాటి నట్లతో బిగుస్తుంది. దశాబ్దాలుగా ఒక్కొక్కరు ఒక్కో బలంతో బిగించడం వల్ల దాని అడుగు వంగి ఉండటం సర్వసాధారణం. అద్దం మీద 600 నంబరు నీటి ఎమరీ కాగితం పరిచి, కార్బొరేటర్ అడుగును ఎనిమిది అంకె ఆకారంలో మెల్లగా తిప్పండి. అంతటా ఒకే మెరుపు వచ్చేదాకా రుద్దాలి. ఆ పొడి జెట్లలో చేరకుండా తర్వాత శుభ్రంగా కడిగి గాలి కొట్టండి. కార్బొరేటర్ కింది ప్యాకింగు, పెట్టె కింది ప్యాకింగు రెండూ కొత్తవి వేయండి. ఆకారాలు దగ్గరగా ఉంటాయి గానీ రంధ్రాలు వేరు, పాతవాటి మీద పెట్టి సరిచూసుకోండి. ఎయిర్ ఫిల్టర్ జాలిని పెట్రోలుతో కడిగి ఆరబెట్టి తిరిగి పెట్టండి. పికప్ కోసమని దాన్ని తీసి పారేసే అలవాటు కొందరిది. ఆ జాలి ఉంటుందన్న లెక్క మీదే జెట్లు కూర్చారు, తీసేస్తే మిశ్రమం పలచబడుతుంది.

జెట్ల దగ్గర ఇంకో మాట. మీ నాయనగారు ఈ బండి కొన్నప్పుడు బంకులో వచ్చిన పెట్రోలు వేరు, ఇప్పుడొచ్చేది వేరు. ఇప్పుడు అందులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. ఇథనాల్ మండటానికి గాలి తక్కువ చాలు, అంటే అదే గాలికి ద్రవం ఎక్కువ కావాలి. పాత జెట్‌తో ఈ పెట్రోలు వాడితే మిశ్రమం ఏడెనిమిది శాతం పలచబడినట్టు లెక్క. డెల్లార్టో జెట్ మీది నంబరు రంధ్రం వ్యాసాన్ని మిల్లీమీటరులో నూరో వంతుల్లో చెబుతుంది. 100 నంబరు జెట్ ఉన్నచోట 104 పెడితే రంధ్రం వైశాల్యం ఎనిమిది శాతం పెరుగుతుంది. కాబట్టి మెయిన్ జెట్ మీది నంబరు చదివి, నాలుగైదు అంకెలు పెద్దది వేయండి. రంధ్రాన్ని సూదితో పెద్దది చేయడం మాత్రం వద్దు, ఆ తర్వాత ఏ నంబరో ఎవరికీ తెలియదు. ఇథనాల్ పాత రబ్బరును కూడా మెత్తబరుస్తుంది. ఫ్లోటు సూది కొన, పెట్రోలు పైపు, ఆయిల్ సీళ్లు దాన్ని తట్టుకునే రకం అడగండి. సీళ్లలో వైటాన్ రకం గోధుమ రంగులో ఉంటుంది. గాలిలోని తేమను కూడా ఇథనాల్ పీలుస్తుంది, కాబట్టి నెలల తరబడి బండి ఆపితే ట్యాంకు, కార్బొరేటర్ రెండూ ఖాళీ చేయండి.

ఇవన్నీ చేశాక కూడా ఇంజన్ అరుపు తగ్గకపోతే, నేరం మాగ్నెట్ వైపు ఆయిల్ సీల్ (గాలి, ఆయిలు దాటకుండా క్రాంకు చుట్టూ ఉండే రబ్బరు చుట్టు) మీదికి పోతుంది. మీరు రాసినదాన్ని బట్టి మా అనుమానం మొదటి నుంచీ దాని మీదే. క్రాంకుకు రెండు చివరలా సీళ్లు ఉంటాయి. క్లచ్ వైపుది పోతే గేర్ ఆయిలు ఇంజన్‌లోకి లాగబడి, దట్టమైన పొగ వస్తుంది, గేర్ ఆయిలు మట్టం తగ్గిపోతుంది. మాగ్నెట్ వైపుది పోతే పొగ రాదు, ఉట్టి గాలి లోపలికి పోతుంది. గుర్తు ఒక్కటే, ఆ అరుపు. అందుకే బోరు మాత్రం విప్పి చూసి ‘హాఫ్ ఇంజన్’ (సిలిండర్, పిస్టన్ వరకే) పని చేసేవారి కంటికి అది కనబడదు.

అనుమానాన్ని రుజువు చేసుకోవడానికి మంచి పరీక్ష ఒకటుంది, దానికి కావాల్సింది ఇంట్లో మూలనపడ్డ పాత బీపీ మిషన్. దాని బల్బు, గేజీ చాలు. గేజీ 300 దాకా చూపిస్తుంది కదా, ఆ ఒత్తిడి సుమారు 6 పీఎస్‌ఐ. ఈ ఇంజన్ పరీక్షకు అంతకు మించి అక్కర్లేదు. సైకిల్ పంపో, పంక్చర్ షాపు కంప్రెసరో వాడితే మంచి సీళ్లు కూడా బయటికి తోసుకొస్తాయి. సైలెన్సర్ తీసి, సిలిండర్ ఎగ్జాస్టు గొట్టానికి రబ్బరు మూత వేసి క్లిప్పుతో బిగించండి. కార్బొరేటర్ తీసి, ఆ పెట్టె అడుగు రంధ్రం మీద పాత ట్యూబు ముక్క, దానిమీద రెండు రంధ్రాలు వేసిన ఇనుప పట్టీ పెట్టి అవే నట్లతో అదమండి. పాడైన ప్లగ్గు ఒకటి తీసుకుని లోపలి పింగాణీ పగలగొట్టి, దాని గుల్లకు లేత్ షాపులో సన్నని గొట్టం పెట్టించండి. దాన్ని హెడ్డుకు బిగించి బల్బు పైపు తగిలించండి. పిస్టన్‌ను కింది చివరకు దించి ఉంచితేనే గాలి క్రాంకు గదిలోకి చేరుతుంది. 250 దాకా నింపి వదలండి. ముల్లు నిలబడాలి. నిమిషంలో పది గీతల లోపు తగ్గితే ఫరవాలేదు. గబగబా పడిపోతుంటే సబ్బు నీళ్లు పూసుకుంటూ పోండి. ప్యాకింగుల చుట్టూ, బోరు అడుగున, హెడ్డు అతుకు దగ్గర, మాగ్నెట్ తీసి సీల్ చుట్టూ పూయండి. బుడగ లేచిన చోటే దొంగదారి. గేర్ ఆయిలు పోసే బోల్టు విప్పి ఆ రంధ్రానికి సబ్బు పొర పట్టండి. అక్కడ ఉబ్బితే క్లచ్ వైపు సీల్ పోయినట్టు.

మాగ్నెట్ వైపు సీల్ అయితే ఇంజన్ రెండు ముక్కలు చేయనక్కర్లేదు. మాగ్నెట్ నట్టు విప్పి, మర ఉన్న పుల్లర్‌తోనే మాగ్నెట్ లాగాలి. సుత్తితో కొట్టి తీస్తే క్రాంకు రెండు పళ్లాలు ఒకదానికొకటి మెలిపడతాయి, ఆ తర్వాత బండి వణుకు ఏ బేరింగు మార్చినా పోదు. నట్టు విప్పేటప్పుడు మాగ్నెట్‌ను పట్టుకునే పనిముట్టు ఉంటుంది. ప్లగ్గు రంధ్రంలో స్క్రూడ్రైవర్ దూర్చి పిస్టన్‌ను ఆపే పద్ధతికి ఒప్పుకోకండి. మాగ్నెట్ కింద ఉండే స్టేటర్ పళ్లెం (కాయిళ్లు ఉన్న పళ్లెం) విప్పే ముందు దాని గీత కేసింగు మీది ఏ గుర్తుకు ఎదురుగా ఉందో సూదితో గీసి పెట్టించండి. తిరిగి పెట్టేటప్పుడు కొద్దిగా అటూ ఇటూ అయినా టైమింగ్ (ప్లగ్గులో నిప్పురవ్వ పుట్టే సమయం) మారుతుంది, ముందుకు జరిగితే పిస్టన్ నెత్తి కాలుతుంది. పాత సీల్ తీశాక క్రాంకు చివర పట్టుకుని పైకీ కిందికీ కదపండి. చేతికి కదలిక తెలిస్తే బేరింగు అరిగింది. దాన్ని వదిలేసి సీల్ ఒక్కటే మారిస్తే రెండు నెలల్లో మళ్లీ ఇదే కథ. అప్పుడు ఇంజన్ మొత్తం విప్పే ‘ఫుల్ ఇంజన్’ పనే దారి. మాగ్నెట్ బిగించేటప్పుడు అర్ధచంద్రాకారపు కీ కూడా చూడండి. ఇంజన్ రెండుసార్లు పరుగులో ఆగింది కాబట్టి అది సగం తెగి ఉండొచ్చు. తెగిన కీతో మాగ్నెట్ కాస్త పక్కకు జరిగి టైమింగ్ తప్పుతుంది. కీ ధర టీ ఖర్చంత. కొత్తది వేసి, నట్టును టార్క్ రెంచితో 60–65 న్యూటన్ మీటర్లకు బిగించండి.

ఇప్పుడు బోరు తీసి చూడొచ్చు. పిస్టన్ మీది గీతలు చదవగలిగితే అవి చాలా చెబుతాయి. ఎగ్జాస్టు వైపే గీతలు గట్టిగా ఉంటే మిశ్రమం పలచబడో, ఆయిలు అందకో, చల్లదనం చాలకో పట్టేసింది. నాలుగు వైపులా నాలుగు నిలువు పట్టీల్లా ఉంటే బోరు మరీ బిగువుగా కోశారు, లేదా కొత్త పిస్టన్‌ను అలవాటు పడనివ్వకుండా తరిమారు. నెత్తి మధ్యలో కరిగిన గుంట ఉంటే టైమింగ్ ముందుకు జరిగింది. మీది 400 కిలోమీటర్ల లోపు పట్టేసింది కాబట్టి రెండో రకం గుర్తులు కూడా కలిసి ఉండటానికి అవకాశముంది. గీతలు పైపైన ఉండి, బోరు గోరుకు తగలకుండా నున్నగా ఉంటే, అంటుకున్న అల్యూమినియాన్ని సన్నని ఎమరీతో తీసి, హోనింగ్ (బోరు లోపలిని సన్నగా రుద్దడం) చేసి కొత్త రింగులతో సరిపెట్టొచ్చు. రింగును ఒక్కదాన్నే బోరులో పెట్టి చూస్తే కొనల మధ్య 0.2 నుంచి 0.35 మి.మీ. సందు ఉండాలి.

గోరుకు తగిలితే బోరు తప్పదు. 150 సీసీ అయితే ఈ ఇంజన్ అసలు బోరు 57.8 మి.మీ. పిస్టన్ ముందు కొని, దాన్ని వెంట తీసుకుని లేత్ షాపుకు పోండి. పిస్టన్‌ను కొలిచి, దాని డబ్బాలో ఇచ్చిన సందుకు తగ్గట్టు బోరు కోయాలి గానీ, బోరు కోసి పెట్టుకుని పిస్టన్ వెతకకూడదు. కోత అయ్యాక రంధ్రాల అంచులు కత్తిలా పదునుగా ఉంటాయి. వాటిని సన్నని ఆకురాయితో కొద్దిగా మొద్దు చేయకపోతే రింగు తగులుకుని విరుగుతుంది. ఈ పని చాలా షాపులు అడిగితే గానీ చేయవు. పిస్టన్ నెత్తి మీది బాణం గుర్తు ఎగ్జాస్టు వైపు ఉండాలి. పిన్ను లాకులు పాతవి మళ్లీ వాడకూడదు. హెడ్డు నట్లు ఎదురెదురుగా, విడతలుగా, 13–18 న్యూటన్ మీటర్లు. అల్యూమినియం రజను ఇప్పటికే క్రాంకు గదిలోకి దిగి ఉంటుంది, పెట్రోలుతో రెండు మూడుసార్లు కడిగించండి. మీ ఇంజన్‌లో క్రాంకు పళ్లెమే ఇన్‌లెట్ వాల్వుగా పనిచేసే రకమైతే, ఆ రజను వాల్వు పీఠాన్ని గీరి ఉండొచ్చు. పళ్లెం ఇన్‌లెట్ రంధ్రాన్ని మూసే స్థితిలో ఉంచి పైనుంచి కాస్త ఆయిలు పోయండి. నిలిస్తే బాగుంది, గబుక్కున దిగిపోతే పీఠం చెడింది. తర్వాత వచ్చిన ఎల్‌ఎంఎల్ ఇంజన్లలో రీడ్ వాల్వు (తెరుచుకుని మూసుకునే పలచని రేకు) ఉంటుంది, వాటికి ఈ బెడద లేదు. కార్బొరేటర్ పెట్టె తీస్తే మీది ఏదో తెలిసిపోతుంది.

కొత్త బోరుతో మొదటి 500 కిలోమీటర్లు లీటరుకు 25 మి.లీ. ఆయిలు. ఎక్స్‌లేటర్ సగం దాటొద్దు, ఒకే వేగంలో చాలాసేపు పోవద్దు. ఘాట్ ఆ తర్వాతే, మొదటిసారి ఒంటరిగా. మే నెలలో అయితే పొద్దున ఎనిమిదిలోపు ఎక్కేయండి.

ఘాట్ ఎక్కేటప్పుడు చాలామంది చేసే పొరపాటు, ఇంజన్‌ను ‘కష్టపెట్టకూడదని’ నాలుగో గేరులోనే గుంజుకుంటూ పోవడం. ఫ్యాను మాగ్నెట్ మీదే ఉందని పైన చెప్పాం కదా. ఇంజన్ నెమ్మదిగా తిరిగితే ఫ్యానూ నెమ్మదిగా తిరుగుతుంది, ఎక్స్‌లేటర్ మాత్రం నిండా తెరిచి ఉంటుంది. వేడి ఎక్కువ, గాలి తక్కువ. మూడో గేరుకు, అవసరమైతే రెండుకు దించి, ఎక్స్‌లేటర్ ముప్పావు దగ్గర పెట్టి, చలాకీగా తిరగనివ్వండి. దిగేటప్పుడు ఇంకో ప్రమాదం. ఎక్స్‌లేటర్ పూర్తిగా మూసి గేరు మీద దిగుతుంటే ఇంజన్ వేగంగా తిరుగుతుంది, పెట్రోలు రాదు, ఆయిలూ రాదు. ప్రతి కొన్ని సెకన్లకోసారి ఎక్స్‌లేటర్ ఒక్క క్షణం తెరిచి మూయండి. ఎడమ చేతి రెండు వేళ్లు ఎప్పుడూ క్లచ్ మీదే ఉంచండి. పట్టేసే ముందు బండి ఎవరో వెనక్కి పట్టి లాగినట్టు బరువెక్కుతుంది. ఆ క్షణమే క్లచ్ నొక్కితే వెనక చక్రం బిగుసుకోదు, వెనక కూర్చున్నవారు పడరు. పక్కకు ఆపి అరగంట చల్లారనివ్వండి. గువ్వలచెరువులో ఆగి కోవా తినడం మన దారిలో ఉన్న ఆనవాయితీయే, ఇంజన్‌కూ అది మంచిదే.

గేర్ ఆయిలు 250 మి.లీ., ఎస్‌ఏఈ 30 గ్రేడు. ఇంజన్ ఆయిలు గ్రేడే, పోసేది గేర్ పెట్టెలో. ‘గేర్ ఆయిలు’ అనగానే కొందరు ఇచ్చే 90 నంబరు వద్దు, క్లచ్ బెండు ప్లేట్లు అంటుకుపోతాయి. కారు ఆయిల్లూ వద్దు, వాటిలోని నునుపు మందులకు క్లచ్ జారుతుంది. పోసే రంధ్రంలోంచి పొర్లడం మొదలైతే నిండినట్టు.

టైర్ల విషయం ప్రాణానికి సంబంధించింది. వెస్పా రిమ్ము రెండు పళ్లాలు. హబ్బుకు బిగించే నట్లు వేరు, రిమ్ము రెండు పళ్లాలను కలిపే నట్లు వేరు. గాలి ఉండగా పళ్లాల నట్లు విప్పితే రిమ్ము పేలినట్టు ఎగిరి ముఖానికి తగులుతుంది. వాల్వు పిన్ను తీసి, గాలి పూర్తిగా పోయాకే చెయ్యి వేయండి. పంక్చర్ షాపులో కుర్రవాళ్లకు ఈ రిమ్ము కొత్త, మీరు దగ్గరుండి చెప్పండి. ముందు 18 పీఎస్‌ఐ, వెనక ఒక్కరికి 26, ఇద్దరికి 35.

విడిభాగాల గురించి దిగులు పడకండి. ఎల్‌ఎంఎల్ కంపెనీ మూతపడినా, మీ బండి పియాజియో ‘పీ’ వరుస వెస్పా అచ్చు. ఆ వరుసకు ప్రపంచమంతా విడిభాగాలు తయారవుతూనే ఉన్నాయి. షాపులో ‘వెస్పా’ అని మాత్రం అడక్కండి, ఇప్పుడొస్తున్న గేర్లు లేని నాలుగు స్ట్రోకుల వెస్పా ముక్కలు ఇస్తారు, ఒక్కటీ పట్టదు. పాత భాగం చేతిలో పెట్టుకుని పోండి. బయట దొరికే సీళ్లు, పిస్టన్లలో రకరకాల నాణ్యత ఉంటుంది. ఈ రెంటి దగ్గర మాత్రం ధర చూడకండి.

అమ్మే మాట. పట్టేసిన ఇంజన్, గడువు దాటిన ఆర్‌సీ ఉన్న బండికి వచ్చేది పాత ఇనుము ధర. ఉంచుకునేందుకైనా అమ్మేందుకైనా ఈ రెండు పనులూ చేయకతప్పదు. చేశాక మీకే అమ్మబుద్ధి కాదని మా నమ్మకం.

ఆర్‌సీకి రెండు అడుగులు. యజమాని చనిపోయినప్పుడు వారసుడి పేరుకు మార్చుకునేది ఫారం 31. మామూలు అమ్మకానికి వాడే ఫారం 30 దీనికి చెల్లదు. మరణ ధ్రువపత్రం, వారసత్వ పత్రం, తక్కిన వారసుల అంగీకారం జతచేయాలి. నియమం ప్రకారం మూడు నెలల్లోపు చేయాల్సింది, ఆలస్యానికి రుసుము పడుతుంది గానీ పని ఆగదు. పదిహేనేళ్లు దాటిన బండికి రిజిస్ట్రేషన్ పునరుద్ధరణ ఫారం 25తో, అయిదేళ్లకోసారి. దానికి ముందు బీమా, పొగ పరీక్ష పత్రం, గ్రీన్ టాక్సు ఉండాలి. పొగ పరీక్షకు పోయేలోపు ఆయిలు 20 మి.లీ.కి దించి, సైలెన్సర్ మసి తీయించండి. ఏభై ఏళ్లు దాటినవాటికి వింటేజ్ కింద విడి రిజిస్ట్రేషన్ ఉంది, 2021లో నిబంధనలు వచ్చాయి. మీ బండికి ఇంకా ఆ వయసు రాలేదు, వచ్చినా ఆ రకం రిజిస్ట్రేషన్‌తో రోజువారీ తిరగడం కుదరదు.

తనిఖీకి పోయేముందు పక్క ప్యానెల్ తీసి ఫ్రేం మీది ఛాసిస్ నంబరు, వెనక షాక్ అబ్సార్బర్ బిగించే చోట పోత మీదున్న ఇంజన్ నంబరు తడిగుడ్డతో తుడిచి, ఆర్‌సీతో అక్షరం అక్షరం పోల్చుకోండి. పెయింటు వేయించే ఆలోచన ఉంటే తనిఖీ అయ్యాకే వేయించండి. వేసేవారికి ఆ రెండు నంబర్ల మీద పుట్టీ పెట్టొద్దని, ఎమరీ రుద్దొద్దని ముందే చెప్పి, వాటి మీద మీ చేత్తోనే టేపు అంటించి ఇవ్వండి.